విదేశ ద్రవ్య ప్రేషణమున బ్యాంకుల గుర్తింపు సంకేతములు

(మహాసభ రెండవనాటి ప్రాతఃకాల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నిన్నటి దినమున ఈ వేదికపై పెద్దలు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వసతిగృహ నిర్వహణమును గూర్చియు ఎంతో గంభీరముగ ప్రసంగించిరి. వారి పిమ్మట నావంటివాడు లేచి ఎనిమిదక్షరముల సంకేతమును గూర్చి మాటలాడుట విడ్డూరముగ కన్పట్టవచ్చును. నేను వక్తను కాను. ముప్పదియైదేండ్లు ఒక బ్యాంకునందు విదేశమారక శాఖలో మొదట కలము పట్టి, తరువాత మీటలు నొక్కి, విశ్రాంతి గైకొన్న ఉద్యోగిని. కార్యదర్శిగారు పట్టుపట్టుటచే ఒప్పుకొంటిని. వారు పట్టుపట్టుటకు కారణము గలదు. మొదట దానినే మనవి చేసెదను.

గతసంవత్సరము మన వసతిగృహమున రెండవ అంతస్తు కొఱకు విజ్ఞాపనపత్రము అచ్చొత్తించి దేశవిదేశములకు పంపితిమి. అందు బ్యాంకు పేరు, లెక్క సంఖ్య, దాని ప్రక్కన పదునొకండు అక్షరముల సంకేతము ముద్రితమైనవి. చూచుటకు అంతయు సరిగనే యున్నది. కాని ఆ పదునొకండు అక్షరములు మన దేశములోపల ఒక శాఖనుండి మఱొక శాఖకు సొమ్ము పంపునపుడు వాడు ఐ.ఎఫ్.యస్.సి. సంకేతము. విదేశమునుండి పంపువారికి కావలసినది వేఱు; దానినే బిక్ అనియు, లోకవాడుకలో స్విఫ్టు కోడు అనియు అందురు. చిత్రమేమనగా అదియు ఒక్కొక్కప్పుడు పదునొకండు అక్షరములే యుండును! అమెరికాలోని మనవారొకరు మన పత్రమును అచ్చటి బ్యాంకులో చూపిరి. అచ్చటి గుమాస్తా ఆ సంకేతము చెల్లదని తెలిసికొని, బ్యాంకు పేరునుబట్టి వెదకి, అట్టి పేరే గల మఱొక బ్యాంకు సంకేతమును వ్రాసికొనెను. సొమ్ము బయలుదేరినది. ఇరువదిమూడు దినములు ఎచ్చటనో నిలిచి, రెండుచోట్ల రుసుము పోగొట్టుకొని, మారకపు నష్టముతో తిరిగి దాత గూటికే చేరినది. ఆయన మఱల పంపలేదు. ఆయన మాటలాలకించిన మఱి యిద్దఱు అసలు పంపలేదు. “మా సొమ్ము మీకు ముట్టినదా, మీరే మ్రింగితిరా?” అని ఒకరు జాబు వ్రాసిరి. వసతిగృహపు గోడలు లేచినవి, కప్పు పడలేదు. కోశాధికారిగారు నన్ను క్షమింతురుగాక, ఈ తప్పు ఏ బ్యాంకుదియు కాదు, మనదే. అచ్చుచిత్తును చూచినవారిలో నేనును ఒకడను.

కావున ఈ అక్షరములెవ్వి, ఎచ్చటనుండి వచ్చినవి, ఇవి తప్పిన సొమ్మేమగునో తెలిసికొనుట మనకు వినోదము కొఱకు కాదు. రేపటి విషయనిర్ణాయక సభలో ఇట్టి పత్రమునే మఱల అచ్చొత్తింపవలెనను తీర్మానము రానున్నది. దానిపై నా అభిప్రాయమును ప్రసంగాంతమున విన్నవించెదను.

మా పితామహులు రంగూను బియ్యపు మరలలో పనిచేసిరి. ఆ దినములలో గోదావరి, విశాఖపట్టణము, గంజాము మండలములనుండి వేలకొలది తెలుగువారు బర్మాకు పోయి వచ్చుచుండిరి. వారి సొమ్ము ఇంటికి చేరుటకు మూడే మార్గములు: తపాలా మనియార్డరు, సావుకారు వ్రాసియిచ్చు హుండీ, ఊరికి తిరిగివచ్చువాని నడుముకట్టు. మూడవదానికి ఒక ఏర్పాటుండెడిదట. సొమ్ము తెచ్చినవాడు నిజముగ తాత పంపినవాడే యని మా నాయనమ్మ నమ్ముటకు ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక మాట చెప్పవలెను: మన కపిలయావు ఏ కాలు కుంటును, అటకపై నున్న పెట్టె తాళము ఎవరి కడ నున్నది, ఇట్టివి. ఆ మాట సరిపడినచో సొమ్మందుకొని భోజనము పెట్టెడివారు. సరిపడనిచో మంచినీళ్లిచ్చి పంపివేసెడివారు.

నేను 1980 ప్రాంతమున ఉద్యోగమున చేరునప్పటికి బ్యాంకులు చేయుచున్నదియు ఇంచుమించు అదియే. లండనునుండి టెలెక్సు వచ్చెడిది. అది నిజముగ ఆ బ్యాంకే పంపినదా యను శంక తీఱుటకు ‘టెస్టు’ అను ఒక అంకె దానిపై నుండెడిది. ఉభయ బ్యాంకుల కడను ఇనుపపెట్టెలలో రహస్య పట్టికలు గలవు. తేదీకొక అంకె, నెలకొక అంకె, నాణెమునకొక అంకె, మొత్తమునకు మఱికొన్ని అంకెలు. వీనినన్నిటిని కూడగా వచ్చినది వారు వ్రాసి పంపవలెను, మేము ఇచ్చట మరల కూడి చూడవలెను. సరిపడినచో చెల్లింపు, సరిపడనిచో ఇంకొక టెలెక్సు. సందేశములో మాటలకు ఒక కట్టుబాటు లేదు. ఒకడు దాత పేరు ముందు వ్రాయును, ఒకడు వెనుక వ్రాయును. ఒకడు డాలరనును, ఏ దేశపు డాలరో చెప్పడు. ఒక్క చెల్లింపునకు పది సందేశములు పోయి వచ్చిన దినములను నేనెఱుగుదును.

ఈ చిక్కును విడదీయుటకై 1973 మే నెలలో బెల్జియము దేశపు బ్రస్సెల్సు నగరమున పదునైదు దేశములకు చెందిన 239 బ్యాంకులు కూడి స్విఫ్టు అను సంస్థను స్థాపించినవి. అదియు సంఘమే సుమా! ఏ ప్రభుత్వపుదియు కాదు. సభ్యులైన బ్యాంకులే దాని యజమానులు. 1977లో బెల్జియము రాజకుమారుడు ఆల్బర్టు చేతిమీదుగ తొలి సందేశము వెడలినది. బ్రస్సెల్సు చెంతనున్న లా హూల్ప్ గ్రామము దాని ముఖ్యస్థానము. నేడు 200 పైచిలుకు దేశములలో 11,000 పైచిలుకు సంస్థలు దాని తంత్రులకు తగులుకొనియున్నవి.

ఇచ్చట ఒక మాట నొక్కి చెప్పవలెను. ఏలయన చదువుకొన్నవారును ఇచ్చటనే పొరపడుదురు. స్విఫ్టు సొమ్మును మోయదు. అది ఉత్తరమును మాత్రమే మోయును. డల్లాసు నగరమున నున్న కుమారుడు జగిత్యాలలోని తల్లికి వేయి డాలర్లు పంపెననుకొనుడు. ఒక్క డాలరైనను సముద్రము దాటదు. తల్లి లెక్క యున్న భారతదేశపు బ్యాంకు న్యూయార్కులోని ఒక పెద్ద బ్యాంకులో తన పేర డాలర్ల లెక్క ఉంచుకొనును. డల్లాసు బ్యాంకు ఆ లెక్కలో వేయి డాలర్లు జమకట్టించి, “ఈ సొమ్ము ఫలానావారిది” అని ఒక సందేశము పంపును. మన బ్యాంకు తన న్యూయార్కు లెక్క పెరిగినదని తెలిసికొని, ఇచ్చట తన గల్లాపెట్టెలోని రూపాయలను తల్లి లెక్కలో వేయును. అంతే. బ్యాంకువారు ఇట్టి లెక్కలను ఇటలీ భాషాపదములతో నోస్ట్రో, వోస్ట్రో అందురు. అనగా ‘మీకడ మా లెక్క’, ‘మాకడ మీ లెక్క’ యని. రంగూను సావుకారు కాకినాడ సావుకారునకు చీటి వ్రాయుటలో నున్న కిటుకే ఇది.

డల్లాసు బ్యాంకునకును మన బ్యాంకునకును నేరుగ స్నేహము లేనిచో నడుమ ఇంకొక బ్యాంకు, దానికిని లేనిచో మఱొకటి వచ్చును. ఒక్కొక్కటియు తన రుసుము కోసికొనును. ఆ రుసుము ఎవరు భరింపవలెనో సందేశముననే మూడక్షరములలో వ్రాయుదురు: పంపువాడే యన్నిటిని భరించుట ఒకటి, ఎవరి దేశపుది వారు భరించుట ఒకటి, పుచ్చుకొనువాడే భరించుట ఒకటి. వేయి పంపిన తొమ్మిదివందల డెబ్బది చేరినదేమని తల్లి కుమారుని నిందించు సందర్భములలో తప్పు తఱచుగ ఈ మూడక్షరములదే. పంపునాడే అడిగి తెలిసికొనుట మేలు.

ఇక సంకేతముయొక్క అంగములు. బిక్కు ఎనిమిదక్షరములైన నుండును, పదునొకండైన నుండును. భారతీయ స్టేటుబ్యాంకు సంకేతమును చూడుడు: యస్.బి.ఐ.యన్. – ఐ.యన్. – బి.బి. మొదటి నాలుగును బ్యాంకు పేరు. తరువాతి రెండును దేశము, ఐ.యన్. అనగా ఇండియా, పిమ్మటి రెండును స్థలము. ముంబయికి బొంబాయి యను పేరు మాఱి చాలకాలమైనను సంకేతమున బి.బి. యను గుఱుతు నిలిచియే యున్నది. జర్మనీలోని డాయిష్ బ్యాంకునకు డి.ఇ.యు.టి. – డి.ఇ. – ఎఫ్.ఎఫ్.; కడపటి రెండక్షరములు ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు గుఱుతు. ఆపైన మఱి మూడక్షరములున్నచో అవి శాఖను తెలుపును. మూడు ఎక్సులున్నచో, లేక ఏమియు లేనిచో, ముఖ్యకార్యాలయమని అర్థము. కనుక మీ శాఖకు ప్రత్యేక సంకేతము లేదని విచారింపవలదు. ఎనిమిదక్షరములు సరిగనున్న సందేశము బ్యాంకునకు చేరును, లెక్క సంఖ్యనుబట్టి వారు సొమ్మును మీ శాఖకు పంపుదురు.

మన ఐ.ఎఫ్.యస్.సి. యైననో ఎప్పుడును పదునొకండే. మొదటి నాలుగును బ్యాంకు అక్షరములు, అయిదవది ఎల్లప్పుడును సున్న, కడపటి ఆఱును శాఖ. అది ‘ఓ’ యక్షరము కాదు, సున్నయే. ఈ భేదమును గుర్తెఱిగిన చాలును, గతసంవత్సరపు పొరపాటు మఱల రాదు: అయిదవ స్థానమున సున్న యున్నచో అది స్వదేశపు సంకేతము, అయిదాఱు స్థానములలో ఐ.యన్. యున్నచో అది విదేశములకు తెలిసిన సంకేతము. అమెరికాలో వేఱొక పద్ధతి: 1910 నుండి అచ్చటి బ్యాంకులకు అంకెలతో గుర్తులున్నవి, నేడవి తొమ్మిదంకెలు. ఇంగ్లండున ఆఱంకెలు. ఏ దేశపు గుర్తులు ఆ దేశపువి, బిక్కొక్కటే అందఱిదియు.

కాని ఈ బిక్కునందొక లోపము గలదు. దానిలో తప్పును పట్టుకొను అంకె లేదు. ఒక అక్షరము తాఱుమాఱైనచో అది వేఱొక బ్యాంకు సంకేతము కావచ్చును. యంత్రము నోరు మెదపక తీసికొనును. యూరపు, గల్ఫు దేశములలో వాడుకలోనున్న ఐబాన్ అను లెక్కసంఖ్యకు ఈ లోపము లేదు. అది జర్మనీలో 22 స్థానములు, ఎమిరేటులలో 23, సౌదీలో 24, కువాయిటులో 30. మొదట దేశపు రెండక్షరములు, పిమ్మట రెండు పరీక్షాంకెలు. మొదటి నాలుగు స్థానములను తీసి చివర చేర్చి, ‘ఏ’ కు పది, ‘బి’ కి పదునొకండు, ఇట్లు అక్షరములను అంకెలుగ మార్చి, వచ్చిన పెద్దసంఖ్యను 97 చే భాగించిన శేషము ఒకటి రావలెను. రానిచో సంఖ్య తప్పు. ప్రక్కప్రక్కనున్న రెండంకెలు తాఱుమాఱైనచో ఇది తప్పక పట్టుకొనును. మా పాత పట్టికల ‘టెస్టు’ వలె పంపినదెవరో ఇది చెప్పదు గాని, చేతితప్పును మాత్రము గుమాస్తా చెమటోడ్చకయే పట్టును.

ఇందులకొక నిదర్శనము. మా బంధువర్గమున ఒకని కుమారునికి జర్మనీలో చదువు దొరకినది. ఆ దేశమువారు విద్యార్థి ఒక సంవత్సరపు భుక్తికి సరిపడు సొమ్మును ముందుగనే ఒక కట్టుబడి లెక్కలో వేయవలెనందురు. 2024 సెప్టెంబరు నుండి అది 11,904 యూరోలు. తండ్రి పొలము కుదువబెట్టి సొమ్ము తెచ్చెను. బ్యాంకున యంత్రము సంఖ్యను తిరస్కరించెను. మూడుమారులు తిరస్కరించెను. గడువు దగ్గఱపడుచున్నది, ఆయన గుమాస్తాపై కేకలు వేసి నాకు కబురంపెను. పోయి చూడగా ఆయన కాగితముమీద ఏడును, ఒకటియు తమ స్థానములు మార్చుకొని యున్నవి. కుమారుడు పంపిన సందేశమును చూచి తానే చేతితో వ్రాసికొనిన కాగితమది. ఆ యంత్రము మొండికేయనిచో పొలము మీది సొమ్ము ఎచ్చట తేలియుండునో! వ్రాసికొనవలదు, వచ్చినదానిని వచ్చినట్లు అచ్చుగ్రుద్దించి తీసికొనిపొండు.

భారతదేశమునకు ఐబాన్ లేదు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలకును లేదు. గల్ఫునుండి పంపునపుడు అచ్చటివారు “మీ ఊరి లెక్కకు ఐబాన్ ఏది?” యని యడిగిన లేదనియే చెప్పవలెను. లేనిదానిని కల్పించి, స్వదేశపు సంకేతమునకు లెక్కసంఖ్యను అతికి యిచ్చినవారిని నేనెఱుగుదును.

బ్యాంకులు కలిసిపోవునపుడు సంకేతములకేమగునో కూడ చూడవలెను. మనలో పెక్కుమంది నష్టపడినది ఇచ్చటనే. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. తెలుగువారి సొమ్ము తెలుగువారి చేతులలో తిరుగవలెనని వారి సంకల్పము. 2020 ఏప్రిల్ 1వ తేదీన అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఏ.యన్.డి.బి. యను నాలుగక్షరములతో మొదలగు పాత శాఖాసంకేతములు 2021 మార్చి 31తో చెల్లుట మానినవి. అంతకుముందు 1941లో పుట్టిన హైదరాబాదు స్టేటుబ్యాంకు 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేటుబ్యాంకులో కలిసిపోయినది. మన ఇండ్లలో పాత పాసుపుస్తకములు, పాత చెక్కులు, విదేశములలోని పిల్లల కడ పాత చీటీలు ఇంకను ఉన్నవి. కొన్ని దేశములలో ఇట్లు జరుగలేదు. ఇంగ్లండున మిడ్లండు బ్యాంకును 1992లో హెచ్.యస్.బి.సి. వారు కొనిరి, పిమ్మట ఆ పేరునే తీసివేసిరి, అయినను యం.ఐ.డి.యల్. అను నాలుగక్షరములు వారి సంకేతమున నిలిచినవి. మన ఆంధ్రాబ్యాంకు అక్షరములకు ఆ భాగ్యము కలుగలేదు. బ్యాంకు ఉద్యోగి నోట ఇది తగని మాట యేమో గాని, ఆ నాలుగక్షరములు పట్టికనుండి పోయిననాడు నాకు కొంత వెలితిగ తోచినది.

సంకేతము సరిగనున్నను పేరు సరిగలేనిచో సొమ్ము ఆగును. ఇది తెలుగువారికి ప్రత్యేకముగ వచ్చు కష్టము. మనము ఇంటిపేరును ముందు చెప్పుదుము, తఱచు ఒక్క అక్షరముగ కుదించుదుము. పాసుపోర్టులో అదే ఇంటిపేరు వెనుకకు పోవును, పూర్తిగ వ్రాయబడును. లెక్క తెఱచిన నాటి పత్రమున తండ్రిపేరు నడుమ చేరును. గల్ఫుకు పోయిన కొందఱి పాసుపోర్టులలో ఒక్క పేరే గలదు, ఇంటిపేరు లేనేలేదు. విదేశపు బ్యాంకు పంపిన పేరును ఇచ్చటి బ్యాంకు తన పుస్తకముతో పోల్చి, మూడు తీరులుగ నున్న ఒక్క మనిషిని ముగ్గురు మనుష్యులుగ లెక్కించును. అదియుగాక నేడు ప్రతి సందేశమును నిషిద్ధుల పట్టికలతో యంత్రములు సరిచూచును. ఏ దేశమునందో నేరస్థుని పేరును పోలినచో ఎంతటి సాధువు సొమ్మైనను నిలిచిపోవును. 2025 నవంబరుతో బ్యాంకులనడుమ దేశాంతర చెల్లింపులకు పాత సందేశరీతి ముగిసి, పేరు, వీధి, ఊరు, దేశము వేఱువేఱు గదులలో వ్రాయు క్రొత్తరీతి నిలదొక్కుకొన్నది. ఇక పేరును అన్నిచోట్ల ఒక్కతీరున వ్రాయక తప్పదు. ఇంటికి పోయినపిదప తల్లి పాసుపుస్తకమును, కుమారుడు పంపు రసీదును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. పదింటిలో ఎన్నింట సరిపడునో మీకే తెలియును.

అక్షరములు, పేర్లు సరిగనుండుటయే చాలునా? చాలదు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశపు కేంద్రబ్యాంకు యంత్రములలో దొంగలు చొరబడి, ఆ బ్యాంకు సంకేతముతోనే, ఆ బ్యాంకు తాళములతోనే, న్యూయార్కులోని ఫెడరల్ రిజర్వు బ్యాంకునకు 35 సందేశములు పంపిరి. కోరిన మొత్తము 95 కోట్ల డాలర్లకు పైమాట. శుక్రవారము ఢాకాలో సెలవు; శని ఆదివారములు న్యూయార్కున సెలవు; సోమవారము మనీలాలో చీనా సంవత్సరాది. దొంగలు పంచాంగము చూచుకొనియే వచ్చిరి! అయిదు సందేశములు చెల్లినవి. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీనులకు పోయి జూదశాలలలో కరగినవి. రెండుకోట్లు శ్రీలంకకు పోవుచు నడుమ ఆగినవి. ఆగుటకు కారణము, పుచ్చుకొను సంస్థ పేరులో ‘ఫౌండేషన్’ అను మాటను ‘ఫాండేషన్’ అని తప్పు వ్రాయుట. నడుమనున్న బ్యాంకు ఉద్యోగికి శంక కలిగి అడిగించెను. వర్ణక్రమదోషము లోకమున ఎవరికైన మేలు చేసినదనిన ఇదియొక్కటే నాకు తెలిసినది.

మన దేశముననే 2018లో బయటపడిన పంజాబు నేషనల్ బ్యాంకు వ్యవహారమున దోషము వేఱొక తీరుది. ఒక శాఖలోని ఉద్యోగులు స్విఫ్టు ద్వారా హామీపత్రములు పంపిరి. అవి బ్యాంకు లోపలి లెక్కలకు ఎక్కలేదు. రెండింటికిని నడుమ కొక్కెము లేదు. ఏండ్లతరబడి వేలకోట్ల రూపాయల బాధ్యత పుస్తకమున కనబడకయే పెరిగినది. ఆ తరువాతనే రెండింటిని కలుపవలసినదని రిజర్వుబ్యాంకు పట్టుపట్టినది.

ఇక మన తీర్మానమునకు వత్తును. ప్రపంచబ్యాంకు అంచనా ప్రకారము 2024లో భారతదేశమునకు విదేశములనుండి వచ్చిన సొమ్ము 12,900 కోట్ల డాలర్లు. ఏ దేశమునకును ఇంత రాలేదు. 2023-24లో తెలంగాణము వంతు నూటికి 8.1, ఆంధ్రప్రదేశపు వంతు 4.4 అని రిజర్వుబ్యాంకు పరిశీలన తెలుపుచున్నది. ఇందు మన కులమువారి కష్టార్జితమును గలదు. వసతిగృహమునకు వారిని అడుగుటలో తప్పులేదు. కాని అడుగు తీరులో తప్పున్నది.

మొన్నటి పత్రమున సంకేతమొక్కటే తప్పు కాదు. సంకేతము సరిగనుండి, సొమ్ము సులభముగ వచ్చి చేరియున్నచో మనకింకను పెద్ద ఆపద కలిగియుండెడిది! ఏలయన విదేశీ విరాళముల నియంత్రణచట్టము ప్రకారము విదేశ పౌరులనుండి సంఘములు అనుమతి లేక విరాళము పుచ్చుకొనుట నేరము. భారత పౌరసత్వమును విడువక విదేశమున ఉద్యోగము చేయువాడు తన సంపాదనమునుండి బ్యాంకు మార్గమున పంపునది విదేశీ విరాళము కాదు. దానిని మామూలు లెక్కలో పుచ్చుకొనవచ్చును. కాని అమెరికా పౌరసత్వము స్వీకరించినవాడు, మన ఊరిలో పుట్టినను, మన ఇంటి అల్లుడైనను, ఓ.సి.ఐ. చీటి చేతనున్నను, చట్టము దృష్టిలో విదేశీయుడే. అట్టివారి విరాళము పుచ్చుకొనుటకు సంఘము నమోదు కావలెను, లేదా ముందనుమతి పొందవలెను. నమోదునకు మూడేండ్లుగ సంఘము పనిచేసియుండవలెను, ఆ మూడేండ్లలో తన ఆశయములపై కనీసము పదునైదు లక్షల రూపాయలు వ్యయపఱచి యుండవలెను. 2020 సవరణము తరువాత అట్టి సొమ్మును మొదట ఢిల్లీలోని స్టేటుబ్యాంకు ముఖ్యశాఖయందలి ప్రత్యేకలెక్కలోనే దింపుకొనవలెను, మఱెచ్చటను కూడదు.

మనకు ఆ నమోదు లేదు. మనము పంపిన పత్రములు చేరినవారిలో సగముమంది అచ్చటి పౌరులు. వారికి ఒక్క లెక్క సంఖ్యయు, ఒక్క సంకేతమును అచ్చొత్తి పంపుట దాతలను మంచివారిగను, మన కోశాధికారిని ముద్దాయిగను చేయుట యగును. ఈ మాట కొందఱికి రుచింపదని యెఱుగుదును. నిన్న రాత్రి భోజనముల వేళ ఒక పెద్దమనిషి “ఎవడు చూడవచ్చును?” అనిరి. బ్యాంకు చూచును. పంపినవాని దేశము, పౌరసత్వము, ప్రయోజనము అడుగును. ధర్మసంస్థలకు వచ్చు విరాళములకు రిజర్వుబ్యాంకువారి ప్రయోజనసంకేతమే వేఱు, కుటుంబపోషణకు వచ్చుదానిది వేఱు. కుటుంబపోషణ యని వ్రాయించి ఏ సభ్యుని లెక్కకో తెప్పించి సంఘమున కప్పగించుట మఱింత ప్రమాదము. అట్లు చేయుదమని సూచించినవారును ఉన్నారు గనుక చెప్పుచున్నాను.

నా ప్రార్థన యేమనగా, రేపటి తీర్మానమును రెండుగ విడదీయవలెను. భారత పౌరులైన ప్రవాసుల కొఱకు ఒక పత్రము: అందు బ్యాంకు పూర్తిపేరు, శాఖ, లెక్కసంఖ్య, లెక్కదారుగ సంఘము నమోదైన పేరు అక్షరము తప్పకుండ, ఎనిమిదక్షరముల బిక్కు, దాని క్రిందనే స్వదేశ సంకేతము, దేనిని ఎచ్చట వ్రాయవలెనో తెలుగున రెండు పంక్తులు, పాసుపోర్టు నకలు జతచేయవలసినదను మనవి. ఈ సంకేతములను మనలో ఎవరును జ్ఞాపకమునుండి చెప్పరాదు; శాఖాధికారి సంతకముతో వ్రాతపూర్వకముగ తెచ్చుకొని, అచ్చుచిత్తును ఇద్దఱు వేఱువేఱుగ చూడవలెను. విదేశ పౌరులైన మనవారికి మాత్రము ఈ సంవత్సరము లెక్కసంఖ్య పంపవలదు. నమోదు కొఱకు దరఖాస్తు పెట్టుచున్నామని, అంతవఱకు ఓపికపట్టుడని సవినయముగ ఒక జాబు వ్రాయుదము. కప్పు ఇంకొక వానకాలము ఆలస్యమగును. పిల్లలు క్రింది అంతస్తుననే సర్దుకొందురు. ఇప్పటికిని గదికి ఆఱుగురు చొప్పున సర్దుకొనుచునే యున్నారు.

గతసంవత్సరము సొమ్ము తిరిగిపోయిన దాతకు నేను స్వయముగ క్షమాపణము వ్రాసితిని. ప్రత్యుత్తరము రాలేదు. సభవారు అనుమతించిన సంఘము పేర మఱొకటి వ్రాసెదము.

భోజనవిరామమున నేను తూర్పు వసారాలో, నీళ్లకుండల ప్రక్క బల్లకడ నుందును. ఎవరి కడనైన పాత చీటీలు, పిల్లలు పంపిన రసీదులు, ఆగిపోయిన సొమ్ముల కాగితములు ఉన్నచో తీసికొనిరండు. 2018 నవంబరు తరువాత పంపిన సొమ్ములకు ముప్పదియాఱు స్థానముల జాడసంఖ్య యుండును, అది రసీదుపై నున్నచో తప్పక తెండు. దానితో సొమ్ము ఎచ్చట నిలిచినదో బ్యాంకువారిని అడుగవచ్చును. కండ్లద్దములు మఱచినవారు పిల్లలను తోడు తెచ్చుకొనవలెను, నా చూపును అంతంతమాత్రమే.